ఏమీ తినలేదంటే ఏమేమి తిన్నాడు?

డాక్టరమ్మ పోయారన్న కబురు ఒక శనివారం పొద్దున వచ్చింది. అప్పటికి నేను రాగిజావ కాచి, పలుచని గుడ్డలో వడగట్టి, ఫ్లాస్కులో పోసి మూత బిగిస్తున్నాను. ఆ జావ ఆమె కోసమే. కుప్పం నుంచి మదనపల్లెకు పోవాలని నేనూ మా ఆయనా బయలుదేరుతున్నాం. ఫోన్ చేసింది ఆమెతో ఉండే చెల్లెలి కూతురు. ఆ అమ్మాయి ఆమెను ఖాలా అని పిలిచేది, అంటే పెద్దమ్మ.

"అక్కా, ఖాలా తెల్లారుజామున పోయింది. మదనపల్లెకు రావాకండి. పుంగనూరికి తీసకపోతాండాము. మావాళ్ళందర్నీ మట్టి చేసేది ఆడనే" అంది.

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఫ్లాస్కును ఏం చేయాలో తెలియలేదు. వంటింట్లో వదిలిపెట్టి పోవడానికి చేతులు రాలేదు. సంచిలో పెట్టుకున్నాను. మదనపల్లెకు తీసుకోవలసిన టిక్కెట్టు పుంగనూరుకు తీసుకున్నాం.

ఆమె గురించి గొప్పగా రాయడానికి నాకు తెలిసింది తక్కువ. ఎంత చదివారో, ఎన్ని ఊళ్ళలో పనిచేశారో ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నాకు తెలిసింది ఇంతే. మా ఇంట్లో వాళ్ళకు తినడం నేర్పిన మనిషి చివరి నెలల్లో ఒక గుక్క గంజి మింగలేకపోయారు. నాకు చేతనైన వంటలన్నీ చేసి చూశాను. ఆ ఒక్క గుక్క దించలేకపోయాను.

మా ఆయనకు కుప్పం బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం ఉంది. వచ్చిన ప్రతి రైతుకూ టీ చెప్పాలి, చెప్పినప్పుడల్లా తానూ తాగాలి. అది అంగడి మర్యాద. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆయనకు కడుపులో మంట మొదలైంది. అప్పట్లో డాక్టరమ్మ మా ఊళ్ళోనే చిన్న క్లినిక్ నడిపేవారు. పుంగనూరులో పుట్టి, పెళ్ళి ఊసెత్తకుండా వైద్యం చదివి, ఎందుకో మా కుప్పంలో కుదురుకున్న మనిషి. కడుపు నొక్కి చూశారు. గొట్టం వేసి చూసే పరీక్షకు బెంగళూరు పంపారు. పుండు ఉందని తేలింది. మందులు మింగితే తగ్గేది, కొన్నాళ్ళకు మళ్ళీ తిరగబెట్టేది. అంతలో ఆమెకు వయసు మీదపడి, క్లినిక్ మూసేసి, మదనపల్లెలో చెల్లెలి ఇంటి పక్కన ఇల్లు తీసుకున్నారు.

సామాను లారీకి ఎక్కిస్తుంటే పోయి, "ఇంక మాకు దిక్కెవరమ్మా?" అని అడిగాను.

"పోస్టాఫీసు ఉండాది గదా. కార్డు రాయి" అన్నారు.

"ఫోన్ చేస్తే సరిపోదా?" అన్నారు మా ఆయన.

"ఫోన్ చేసినోళ్ళు నొప్పి ఒక్కటే చెప్తారప్పా. రాసేవాళ్ళయితే తిన్నది గూడా చెప్తారు. రాసేటప్పుడు కూర్చోవాల, కూర్చుంటే గుర్తొస్తాది."

అలా మొదలైంది మా ఉత్తరాల వైద్యం. వారం తిరిగేసరికి ఒక కార్డు రాయాలి. ఏ పూట ఏం తిన్నారు, తర్వాత కడుపు ఎలా ఉంది, అంతే. నాకు ఇంటి జమాఖర్చులు రాసే అలవాటు పెళ్ళికి ముందు నుంచే ఉంది కాబట్టి ఇది కష్టమనిపించలేదు. స్కేలు పెట్టి గీతలు గీసి, వారాలు ఒక పక్క, పూటలు ఒక పక్క వేసి పంపేదాన్ని. మొదటి జవాబులోనే ఆమె, "నీ కార్డు రేషన్ షాపు బోర్డు మాదిరి ఉండాదమ్మా. చదివితే నాకే సంచీ తీసుకొని పోదామనిపిస్తా ఉండాది" అని రాశారు. మాట్లాడినట్టే రాసేవారు ఆమె.

కార్డు మీద మందు మాత్రం మార్చేవారు కాదు. "మందు మార్చాలంటే కడుపు నొక్కి చూడాల. కార్డును నొక్కితే ఏం తెలుస్తాది? బస్సెక్కి రండి" అనేవారు. తిండి సంగతి మటుకే కార్డు మీద. పులుపు ఎప్పుడు తగ్గించాలో, మజ్జిగ ఎప్పుడు తాగాలో, తిన్నాక ఎంతసేపు పడుకోకూడదో రాసేవారు.

కొన్నాళ్ళకు ఒక సంగతి మాకు అంతుపట్టలేదు. వారమంతా బాగుండే మనిషికి ఆదివారం వచ్చేసరికి మంట, పుల్లటి తేన్పులు, ఒక్కోసారి వాంతి. నేను పప్పు మార్చాను, నూనె మార్చాను, ఆదివారం వంటలో కారమే మానేశాను. ఏం చేసినా ఆదివారం ఆదివారమే. కార్డు మీద అంతా ఉన్నదున్నట్టు రాస్తూనే ఉన్నాను. అప్పుడు డాక్టరమ్మ నుంచి రెండే రెండు వాక్యాలతో జవాబు వచ్చింది.

"శనివారం గడిలో 'ఒక్కపొద్దు, ఏమీ తినలేదు' అని రాస్తాండావు. ఏమీ తినలేదంటే ఏమేమి తిన్నాడు?"

నాకు నవ్వొచ్చింది. శనివారం ఆయన వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. అన్నం, సంగటి ముట్టరు. ముట్టలేదు కాబట్టి ఏమీ తినలేదని రాశాను. మా అమ్మయినా, మా అత్తయినా, ఎవరైనా అలాగే అంటారు. అయినా డాక్టరమ్మ అడిగారు కదా అని ఆ రాత్రి భోజనాల దగ్గర కార్డు ముందు పెట్టుకొని అడిగాను.

"టీలు" అన్నారు.

"టీలు సరే. ఇంకా?"

"అరటిపండ్లు. పండ్లు తిండి కిందికి రావు."

"ఇంకా?"

"మధ్యాహ్నం వేయించిన చెనక్కాయలు, బెల్లం. ఆకలైతాది గదా."

"సాయంత్రం?"

ఆయన కంచంలోకి చూస్తూ, "బజ్జీలు" అన్నారు.

"ఒక్కపొద్దు నాడు బజ్జీలా?"

"మిరపకాయ బజ్జీలే. వాటిలో ఉల్లిగడ్డ ఉండదు గదా. రాత్రికి నువ్వు పోసే దోసెలు, నంజుకోను ఊరిబిండి. ఇందులో అన్నం యాడుండాది, చెప్పు? నా ఒక్కపొద్దు యాడ తప్పింది?"

తప్పు ఎక్కడా లేదు. మా వైపు ఎవరి ఇంట్లో అయినా ఒక్కపొద్దు అంటే ఇదే. అంతా వరసగా రాసి పంపాను. జవాబు కార్డు నిండా వచ్చింది. దాన్ని ఆయన దుకాణంలో రైతులకు చదివి వినిపించేవారు, తన మీద పడిన ఎగతాళే అయినా.

"మేమూ ఒక్కపొద్దు ఉంటాము, రంజాను నెలంతా. మేముంటే పొద్దు గూకేదాకా నీళ్ళు గూడా దిగవు. మీ ఆయన ఉంటే దోసెలు దిగతాయి. స్వామి మంచోడు కాబట్టి ఊరకుండాడు, కడుపు ఊరకుండదు. ఒక్కపొద్దు మానమని నేను చెప్పను. పదింటికి రాగిజావ తాగమను, పలుచగా. బజ్జీలు స్వామికి వదిలిపెట్టమను. రాత్రి దోసెలు ఆకలి తీరేముందే ఆపమను."

ఆయన గొణిగారు. "కొండకు నడిచిపోయే వాణ్ణి, బజ్జీ వదల్లేనా?" అని వదిలేశారు. ఆదివారాలు మామూలు రోజులయ్యాయి.

జావ ఎంత పలుచగా కాచాలో కార్డులో తెలియక, తర్వాత మదనపల్లెకు పోయినప్పుడు అడిగాను. ఆమె చేయి గాలిలో తిప్పి, "అట్ల... తాగేటట్ల" అన్నారు.

"ఎప్పుడైనా మీరు జావ కాచినారా డాక్టరమ్మా?"

పక్క గదిలోంచి చెల్లెలి కూతురు గట్టిగా నవ్వింది. "ఖాలా నీళ్ళు పెడితే నీళ్ళే మాడతాయి అక్కా!"

ఆమె కూడా నవ్వారు. "నాకు కడుపు సంగతి తెలుసు, వంట తెలీదు. నీకు వంట తెలుసు, కడుపు సంగతి తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక డాక్టరు" అన్నారు. ఆ తర్వాత జావ, గంజి, చారు లాంటివి ఎవరికైనా రాయవలసి వస్తే ముందు నన్ను అడిగేవారు. నేను కొలతలతో రాసి పంపితే దాన్ని వేరే వాళ్ళ కార్డుల్లో రాసేవారు. నా చేతి జావ నేనెప్పుడూ చూడని ఇళ్ళలో కాగుతోందని అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

ఆమె కార్డులు రాసే తీరు నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం నమాజు అయ్యాక వరండాలో కూర్చుని, అన్నం పళ్ళెం ఒడిలో బోర్లించుకొని, దాని మీద కార్డు పెట్టి రాసేవారు. ఇంట్లో బల్ల ఉంది. అయినా పళ్ళెమే. ముందు అడ్రసు రాసేవారు, సంగతి తర్వాత. ఎందుకని అడిగితే, "అడ్రసు రాస్తాంటే మనిషి కండ్ల ముందరికి వస్తాడు. మనిషి వస్తే వాడి కడుపు గూడా వస్తాది" అన్నారు. వచ్చిన కార్డుల్లో పేర్లు మూసిపెట్టి కొన్ని చదివి వినిపించేవారు. బైరెడ్డిపల్లె నుంచి ఒక పెద్దాయన ప్రతివారమూ 'మామూలే' అని ఒక్క మాట రాసి పంపేవాడట. "మామూలంటే బాగుండాడా, బాగలేడా? ఈ మనిషి నన్ను చంపేస్తాడు" అనేవారు. పలమనేరు నుంచి ఒకామె కార్డు నిండా కోడలి సంగతులే రాసేది. డాక్టరమ్మ అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈమెకు అరగంది అన్నం కాదు" అన్నారు. అయినా ఆమెకూ ప్రతివారం జవాబు రాసేవారు.

కిందటి చలికాలంలో ఆమె జవాబులు ఆలస్యం కాసాగాయి. పోస్టు సంగతేలే అనుకున్నాను. తర్వాత ఒక కార్డు చివర, "ఈమధ్య నాకూ అన్నం సహించడం లేదు. నవ్వుకో" అని రాశారు. నేను నవ్వుకున్నాను కూడా. ఆ తర్వాత కార్డు రాలేదు. ఫోన్ చేస్తే చెల్లెలి కూతురు చెప్పింది. కడుపులో గడ్డ. బెంగళూరులో చూపించారు. కోసేటందుకు లేదన్నారు.

మేము పోయేసరికి ఆమె మంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చుని ఉన్నారు. ముఖం చిన్నదైపోయింది. నన్ను చూసి, "ఇన్నేండ్లు అందరి కడుపుల మాటా విన్యాను, నా కడుపు మాట వినలేదని అలిగింది" అన్నారు. నేను అలవాటుకొద్దీ, "ఏం తింటున్నారు?" అని అడిగాను. చెల్లెలి కూతురు తల అడ్డంగా ఊపింది.

"మీరు కూడా వారం వారం రాయండి డాక్టరమ్మా, ఏ పూట ఏం తిన్నారో. నేను చూస్తాను" అన్నాను. చూసి నేను చేయగలిగేది ఏమిటో నాకే తెలియదు. ఆమె ఒప్పుకున్నారు.

ఆ కార్డులు వచ్చేవి. గీతలు కూడా గీసేవారు, నా మాదిరే. మొదట్లో గడుల్లో ఏవో ఉండేవి. ఇడ్లీలో సగం. మజ్జిగ తేట. బార్లీ నీళ్ళు, కొంచెం. నేను ఆ గడులు చూసి వంటలు ఆలోచించేదాన్ని. పాత బియ్యం వేయించి గంజి కాచాను. జొన్నపేలాల పిండి పాలల్లో కలిపాను. దానిమ్మ రసం వడగట్టాను. కుప్పంలో వండినవి మదనపల్లె చేరేసరికి చల్లారుతాయని ఫ్లాస్కు కొన్నాం. బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకొని కూర్చునేదాన్ని.

ఒకసారి పాత బియ్యం గంజి గరిటెతో గ్లాసులో పోసి ఇస్తే మెల్లగా కొంచెం తాగి, "బాగుండాది" అన్నారు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వస్తామని చెప్పి వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి ఆమె వాంతి చేసుకుంటున్న శబ్దం వినబడింది. చెల్లెలి కూతురు నా చేయి పట్టుకొని, "రోజూ అంతే అక్కా. వచ్చినోళ్ళ కోసరం తాగతాది" అంది.

అయినా మళ్ళీసారి జావ తీసుకుపోయాను. గ్లాసులో పోయబోతుంటే ఆమె నా చేయి ఆపారు.

"ఇది నా ఆకలి కోసరం తెచ్చినావా, నీ మనసు కోసరం తెచ్చినావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నా మనసు కోసమే" అన్నాను.

"అయితే మూత తీసి ఈడ పెట్టు. వాసన సూస్తా. వాసనకు గొంతుతో పని లేదు."

ఫ్లాస్కు మూత తీసి ఆమె దగ్గరగా పట్టుకున్నాను. కమ్మటి రాగి వాసన. కళ్ళు మూసుకొని కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత అన్నారు: "తినలేనోళ్ళను తినమని చెప్పేదానికంటే హింస లేదమ్మా. ఆ పని నేను శానామందికి చేసినా. చావుకు దగ్గరైనోళ్ళకు గూడా, రొవ్వంత తినండి, రొవ్వంత తినండి అని."

ఈ ఏడు రంజాను నెల అలాంటి రోజుల్లోనే వచ్చింది. జబ్బు మనిషికి ఒక్కపొద్దు తప్పనిసరి కాదట. కోలుకునే ఆశ లేనివాళ్ళు రోజుకొక పేదకు అన్నం పెట్టాలట. చెల్లెలి కూతురు ఆ ఏర్పాటు చేసింది. వీధిలో ఆకుకూరలు అమ్మే ముసలమ్మ రోజూ వచ్చి తినేది. ఆమెను వంటింట్లో కాకుండా తన మంచానికి ఎదురుగా కూర్చోబెట్టమన్నారు డాక్టరమ్మ. నేను పోయిన రోజు ఆ ముసలమ్మ అన్నం, పప్పు కలుపుకొని గబగబా తింటోంది.

"మెల్లిగా నమలు అవ్వా. యాల అంత తొందర? ఎవరన్నా ఎత్తుకపోతారా?"

"ఎండకు నా ఆకులు వాడిపోతాండాయి తల్లీ."

"కడుపు గూడా వాడిపోతాది. నీళ్ళు తినేటప్పుడు తాగొద్దు, తిన్నాక తాగు."

ముసలమ్మ నా వైపు తిరిగి, "తిననిచ్చేది లేదు, పోనిచ్చేది లేదు. రోజూ ఇదే రామాయణం" అంది. డాక్టరమ్మ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. ముసలమ్మ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉన్నారు.

ముసలమ్మ వెళ్ళిపోయాక డాక్టరమ్మ నాతో అన్నారు: "నెల పొడుగునా నేను తిన్నది లేదు. అయినా ఇది ఒక్కపొద్దు కాదు. ఆకలుండి మానుకుంటేనే ఒక్కపొద్దు. ఆకలే లేకుంటే ఏం మానుకుంటాను? మీ ఆయన ఒక్కపొద్దే మేలు. దోసెలు మింగినా, బజ్జీ మీద ఆశ ఉండి వదిలినాడు."

పండుగ తర్వాత వచ్చిన కార్డే ఆమె చేతి రాత చివరిది కాబోతోందని నాకు అనుమానం వచ్చింది. గీతలు లేవు. అడ్డంగా ఒకే మాట: "ఏమీ తినలేదు."

ఆమెను నవ్వించాలనుకున్నాను. ఇంకేమీ చేతకాక అదొక్కటే తోచింది. కార్డు తీసి, ముందు అడ్రసు రాసి, తర్వాత ఆమె వాక్యమే ఆమెకు రాశాను. "ఏమీ తినలేదంటే ఏమేమి తిన్నారు?"

చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. కార్డు చదివి వినిపిస్తే ఖాలా నవ్విందట, నవ్వితే నొప్పి వచ్చిందట. జవాబు చెప్పి రాయించింది, వస్తుంది అంది. వచ్చింది. రాత ఆ అమ్మాయిది, మాట ఆమెది.

"ఈసారి ఏమీ తినలేదంటే ఏమీ తినలేదనేనమ్మా. జావ వాసన చూసి శానా రోజులాయె. శనివారం వస్తే తీసుకురా."

అందుకే ఆ శనివారం జావ కాచాను.

పుంగనూరులో వాళ్ళ పాత ఇల్లు ఇరుకు సందులో ఉంది. మేము చేరేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. ముఖం మాత్రం చూపించారు. ఇల్లంతా కర్పూరం, అగరు వాసన. చుట్టూ ఆడవాళ్ళు పెదవులు కదుపుతూ చదువుకుంటున్నారు. నాకు ఆ మాటలు రావు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియక సంచి పట్టుకొని గోడకు ఆనుకున్నాను. చెల్లెలి కూతురు వచ్చి పక్కన కూర్చుని, సంచి తడిమి, "జావ కదా అక్కా?" అంది. తల ఊపాను. ఆ అమ్మాయి ఏడ్చింది. నేను సంచిలో చేయి పెట్టి ఫ్లాస్కు మూత మీద వేళ్ళు వేశాను. అంతమందిలో, ఆ చదువుల మధ్య, తీయలేకపోయాను. తీసి ఉన్నా ఆ కర్పూరంలో రాగి వాసన ఎవరికి తెలిసేది?

మగవాళ్ళు ఎత్తుకొని పోయారు. ఆడవాళ్ళం వాకిలి దాకానే. మా ఆయన వాళ్ళతో పోయారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతులకు ఎర్రమట్టి ఉంది. తలా పిడికెడు వేయమన్నారట. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళు అన్నం పంపారు. తినమన్నారు. శనివారం కదా, ఆయన ఒక్కపొద్దని చెప్పారు. నాకు సహించదన్నాను.

పలమనేరులో బస్సు మారాలి. కుప్పం బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. సాయంత్రపు రద్దీ. ఎదురుగా బజ్జీల బండి మీద నూనె కాగుతోంది. ఆయన అటు చూడలేదు. పొద్దున్నుంచీ టీ కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నిజంగా ఏమీ తినలేదు.

ఫ్లాస్కు తీసి మూతలో జావ పోసి ఇచ్చాను. ఇంకా వెచ్చగా ఉంది. రాగి వాసన పైకి వచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు. గోళ్ళలో మట్టి అలాగే ఉంది. మూత నోటి దాకా తీసుకుపోయి, తాగకుండా ముక్కు దగ్గరే ఆపారు.

"ఈపొద్దుటి గడిలో ఏమని రాస్తావు?" అని అడిగారు.

ఆయనే మూతను బల్ల మీద దించారు. మా ఇద్దరి మధ్య ఆ మూతలో జావ మెల్లగా చల్లారి, పైన సన్నని పొర కట్టింది.